మరమ్మతు ఎన్నిసార్లు? గృహోపకరణాల పునరావృత లోపం – భారత వినియోగదారు చట్ట పరిణామం (1930–2019)

వ్యాస సంగ్రహం

ఇంట్లో వాడే యంత్రం ఒకసారి చెడిపోవడం వేరు, బాగుచేసిన ప్రతిసారీ అదే లోపంతో మళ్లీ చెడిపోవడం వేరు. మొదటిదానికి మరమ్మతు సరిపోతుంది. రెండవ సందర్భంలో మరమ్మతు పరిష్కారమా, లేక సమస్యలో భాగమా అన్నది చట్టం తేల్చవలసిన ప్రశ్న. 1930 నాటి వస్తు విక్రయ చట్టం మొదలుకొని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వరకు భారత చట్టం ఈ ప్రశ్నను ఎదుర్కొన్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మరమ్మతుకు అంగీకరించిన కొనుగోలుదారు ఓర్పు తొలి చట్టం కింద తిరస్కరణ హక్కుకే ముప్పు తెచ్చింది. 1986 తర్వాత అదే ఓర్పు సాక్ష్యంగా మారింది. అయినా ఎన్ని మరమ్మతుల తర్వాత వస్తువును తిరస్కరించవచ్చునో చెప్పే నియమం నేటికీ శాసనంలో చేరలేదని ఈ వ్యాసం నిరూపించదలచింది.

కీలక పదాలు: వినియోగదారు హక్కులు, పునరావృత లోపం, వారంటీ, వస్తు విక్రయ చట్టం, తిరస్కరణ హక్కు, జాబ్ కార్డు.

1. ఉపోద్ఘాతం

ఒక ఉదాహరణతో సమస్య స్వరూపం తేటపడుతుంది. కొత్తగా కొన్న ఫ్రిజ్ మూడు నెలలకు చల్లబరచడం మానేస్తుంది. సర్వీస్ సెంటర్ నుంచి వచ్చిన మెకానిక్ గ్యాస్ నింపి వెళ్తాడు. రెండు నెలలకు మళ్లీ అదే పరిస్థితి, మళ్లీ గ్యాస్. మూడవసారి కంప్రెసర్ మారుస్తారు. నాలుగవసారి చెడిపోయేనాటికి వారంటీ గడువు ముగిసి ఉంటుంది. ఈ నాలుగు సందర్భాలను విడివిడిగా చూస్తే సంస్థ తన మాట నిలబెట్టుకున్నట్లే కనిపిస్తుంది. పిలిచిన ప్రతిసారీ మనిషి వచ్చాడు, పని చేశాడు, డబ్బు తీసుకోలేదు. నాలుగింటినీ కలిపి చూసినప్పుడు మాత్రం ఆ ఇంటికి ఏడాదిపాటు పనిచేసే ఫ్రిజ్ లేదన్న సత్యం బయటపడుతుంది. చట్టం ఈ సంఘటనలను విడివిడిగా చూస్తుందా, కలిపి చూస్తుందా అన్నదే ఈ చరిత్ర మొత్తానికి కేంద్ర బిందువు.

తెలుగునాట దుకాణాల్లో చాలాకాలంగా ఒక మాట వినిపిస్తుంది: గ్యారంటీ అంటే వస్తువు మార్చి ఇస్తారు, వారంటీ అంటే బాగుచేసి ఇస్తారు. వ్యాపార వ్యవహారంలో స్థిరపడిన ఈ భేదానికి శాసనంలో ఆధారం లేదు. 1872 నాటి ఒప్పందాల చట్టం సెక్షన్ 126లో చెప్పిన గ్యారంటీ ఒకరి బాకీకి మరొకరు పూచీ పడటానికి సంబంధించినది. వారంటీ అనే మాటకు వస్తు విక్రయ చట్టంలో ఉన్న అర్థం కూడా వారంటీ కార్డు మీది అర్థం కాదు. ఒకే మాట రెండుచోట్ల రెండు అర్థాలతో నడవడం వల్ల కొనుగోలుదారు తన హక్కు కార్డుతో మొదలై కార్డుతోనే ముగుస్తుందని భావించే స్థితి ఏర్పడింది. ఆ భావన ఎంతవరకు సరైనదో తెలియాలంటే మూల శాసనం నుంచి ఆరంభించాలి.

2. వస్తు విక్రయ చట్టం: ఓర్పుకు తగ్గిన హక్కు

వస్తువుల అమ్మకానికి సంబంధించిన నియమాలు మొదట 1872 నాటి ఒప్పందాల చట్టంలో ఏడవ అధ్యాయంగా ఉండేవి. 1893 నాటి ఇంగ్లీషు చట్టాన్ని నమూనాగా తీసుకొని వాటి స్థానంలో ప్రత్యేక శాసనం చేశారు. అది 1930 జూలై 1న అమలులోకి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన ఆంధ్ర ప్రాంతానికి అది ఆనాటి నుంచే వర్తించగా, హైదరాబాద్ రాష్ట్రానికి 1951లో విస్తరించింది.

కొనేవాడే చూసుకోవాలి అన్న పాత ఇంగ్లీషు న్యాయసూత్రమే ఈ చట్టానికి పునాది. అయితే సెక్షన్ 16 ఆ సూత్రానికి ముఖ్యమైన మినహాయింపులు ఇచ్చింది. ఏ ప్రయోజనానికి వస్తువు కావాలో కొనుగోలుదారు తెలియజేసి అమ్మకందారు నేర్పును నమ్ముకున్నప్పుడు, వస్తువు ఆ ప్రయోజనానికి తగి ఉండాలన్నది అంతర్లీన షరతు. వర్ణననుబట్టి కొన్న వస్తువు విక్రయయోగ్యమైన నాణ్యతతో ఉండాలన్నది మరొక షరతు. పేటెంటు పేరుతోనో వ్యాపారనామంతోనో అడిగి కొన్న వస్తువుకు మాత్రం మొదటి షరతు వర్తించదని ఒక నిబంధన చేర్చారు. పేరు చెప్పి కొనే ఫ్రిజ్‌కూ వాషింగ్ మెషీన్‌కూ ఈ నిబంధన అడ్డు కాగలిగింది.

సెక్షన్ 12 ప్రకారం ఒప్పందానికి మూలమైనది షరతు, దానికి అనుబంధమైనది వారంటీ. షరతు భంగమైతే కొనుగోలుదారు ఒప్పందాన్నే తిరస్కరించవచ్చు. వారంటీ భంగమైతే నష్టపరిహారం మాత్రమే అడగవచ్చు. పనికిరాని యంత్రం అమ్మడం షరతు భంగమే కనుక కొనుగోలుదారు దాన్ని తిప్పికొట్టవచ్చుననిపిస్తుంది. కాని సెక్షన్ 13 ఒక మెలిక పెట్టింది. వస్తువును స్వీకరించిన తర్వాత షరతు భంగాన్ని వారంటీ భంగంగానే పరిగణించాలి. స్వీకారం అంటే ఏమిటో సెక్షన్ 42 చెబుతుంది: స్వీకరించానని తెలియజేయడం, అమ్మకందారు యాజమాన్యానికి విరుద్ధమైన పని చేయడం, లేదా సముచితమైన గడువు దాటినా తిరస్కరిస్తున్నట్లు చెప్పకుండా వస్తువును ఉంచుకోవడం.

పునరావృత లోపం విషయంలో ఈ మూడవ మాట కీలకమైనది. గృహోపకరణంలో లోపం అది అమర్చిన రోజునే బయటపడదు. బయటపడినప్పుడు కొనుగోలుదారు చేసే మొదటి పని బాగుచేయమని అడగడం. మరమ్మతు కోసం ఎదురుచూసిన ప్రతి వారమూ సముచితమైన గడువు నుంచి తరిగిపోతుంది. అంటే అమ్మకందారు మాట మీద నమ్మకం ఉంచి ఓర్పు వహించిన వ్యక్తికి తిరస్కరణ హక్కు దక్కడం కష్టమైంది. మొదటిరోజే తగవుకు దిగిన వ్యక్తి స్థితి ఇంతకంటె మెరుగు. ఇంగ్లండులో ఈ అన్యాయాన్ని గుర్తించి 1994లో సవరణ చేశారు. మరమ్మతు కోరడం, మరమ్మతుకు సమ్మతించడం అన్నంతమాత్రాన వస్తువును స్వీకరించినట్లు కాదని ఆ సవరణ స్పష్టం చేసింది. నమూనా మారినా దాని అనుసరణ మారలేదు. భారత చట్టంలోని సెక్షన్ 42లో అటువంటి వాక్యం చేరలేదు.

దీనికి మరి మూడు చిక్కులు తోడైనాయి. ఒప్పందంలో భాగస్వామి అయిన అమ్మకందారు మీదనే దావా నడుస్తుంది. తయారీదారు ఆ ఒప్పందానికి బయటివాడు. హక్కు కొన్నవారిదే, ఇంట్లో దాన్ని నిత్యం వాడే మనిషికి ఒప్పందంతో సంబంధం లేదు. ఇక సెక్షన్ 62 ప్రకారం అంతర్లీన షరతులను స్పష్టమైన ఒప్పందంతో తొలగించవచ్చు. ఇవన్నీ దాటినా సివిల్ కోర్టులో దావా విలువనుబట్టి రుసుము చెల్లించాలి, న్యాయవాదిని పెట్టుకోవాలి. ఒక మిక్సీ కోసమో కుక్కర్ కోసమో ఆ దారి తొక్కడం ఎవరికైనా గిట్టుబాటు కాదు. కనుక ఈ హక్కు పుస్తకంలో ఉన్నా సామాన్య గృహస్థు చేతికి అందలేదు.

3. కొరత కాలంలో వారంటీ కార్డు

స్వాతంత్ర్యానంతర దశాబ్దాల్లో యంత్రోపకరణాలు మధ్యతరగతి ఇళ్లలోకి నెమ్మదిగా ప్రవేశించాయి. 1942లో హైదరాబాదులో నిజాం ప్రభుత్వ తోడ్పాటుతో ఆరంభమైన ఆల్విన్ సంస్థ తదనంతర కాలంలో రిఫ్రిజిరేటర్లకు పేరుపొందింది. గోద్రెజ్ సంస్థ 1958లో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. లైసెన్సుల వ్యవస్థ ఉత్పత్తిని నియంత్రించిన ఆ రోజుల్లో తయారీదారులు కొద్దిమందే. నచ్చకపోతే మరొకటి కొనుక్కోవడం అన్నది నేటి మార్కెట్లో సులువుగా తోచే మాట. ఆనాటి కొనుగోలుదారుకు ఆ అవకాశం బహు స్వల్పం.

ఈ నేపథ్యంలో వారంటీ కార్డు ద్విముఖంగా పనిచేసింది. ఒప్పందానికి బయట ఉన్న తయారీదారు నేరుగా కొనుగోలుదారుకు మాట ఇవ్వడం దానివల్ల సాధ్యమైంది, అది మేలు. అయితే ఆ మాట లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైంది. కార్డు యంత్రాన్ని భాగాలుగా విడదీసి చూసింది. యంత్రం మొత్తానికి ఒక గడువు, కంప్రెసర్‌కు మరొక గడువు, ప్లాస్టిక్, గాజు భాగాలకు అసలు గడువే లేకపోవడం అన్న పద్ధతి స్థిరపడింది. కొన్నది యంత్రం, హామీ భాగాలకు. పునరావృత లోపం సరిగ్గా ఈ సందులోనే ఇరుక్కుంది. ప్రతి భాగానికీ మందు దొరుకుతుంది, యంత్రానికి మాత్రం దొరకదు.

4. 1969 నుంచి 1986 దాకా: ఫిర్యాదు హక్కుగా మారిన దశ

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఆ దేశ కాంగ్రెసుకు పంపిన సందేశంలో భద్రత, సమాచారం, ఎంపిక, గోడు వినిపించుకునే అవకాశం అనే నాలుగు వినియోగదారు హక్కులను ప్రస్తావించాడు. భారతదేశంలో 1966లో బొంబాయిలో కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ, 1978లో అహ్మదాబాదులో కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఏర్పడి వినియోగదారు ఉద్యమానికి సంస్థాగత రూపం ఇచ్చాయి.

శాసనపరంగా మొదటి మలుపు గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల చట్టం (1969)లో వచ్చింది. ఆ చట్టం మొదట పెట్టుబడి కేంద్రీకరణ మీదనే దృష్టి పెట్టింది. జస్టిస్ రాజీందర్ సచార్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 1978లో సమర్పించిన నివేదిక వినియోగదారుకు నేరుగా రక్షణ లేని లోటును ఎత్తిచూపింది. ఫలితంగా 1984 సవరణలో సెక్షన్ 36ఏ చేరింది. వస్తువును మార్చి ఇస్తామనో మరమ్మతు చేస్తామనో ప్రజలకు ఇచ్చే హామీ తప్పుదారి పట్టించేదిగా ఉన్నా, అది నెరవేరే అవకాశం సమంజసంగా కనిపించకపోయినా దాన్ని అనుచిత వాణిజ్య పద్ధతిగా ఆ సెక్షన్ నిర్వచించింది. ఎన్నిసార్లు వచ్చినా లోపం పోని మరమ్మతును ఈ నిర్వచనం వెలుగులో ప్రశ్నించే వీలు కలిగింది. కాని ఆ కమిషన్ ఢిల్లీలో ఉండేది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో ఉన్న గృహిణికి అది అందని ద్రాక్షే.

1985 ఏప్రిల్ 9న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వినియోగదారు రక్షణ మార్గదర్శకాలను ఆమోదించింది. మరుసటి సంవత్సరం డిసెంబరు 24న భారత వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. జిల్లా ఫోరం, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ అనే మూడంచెల వ్యవస్థ ఏర్పడింది. ఫిర్యాదుకు తొలి సంవత్సరాల్లో రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు.

పాత చిక్కులను ఈ చట్టం ఒక్కొక్కటిగా విప్పింది. వ్యాపారి నిర్వచనంలో తయారీదారును చేర్చడంతో ఒప్పందానికి బయటివాడన్న వాదం వీగిపోయింది. కొన్నవారి సమ్మతితో వస్తువును వాడేవారు కూడా వినియోగదారులే కావడంతో ఇంటి మనుషులందరికీ హక్కు వచ్చింది. చట్టం వల్ల, ఒప్పందం వల్ల లేదా వ్యాపారి చెప్పుకున్న మాట వల్ల ఉండవలసిన నాణ్యతలో ఏ కొరత ఉన్నా అది లోపమేనని నిర్వచించడంతో షరతు, వారంటీ అనే భేదం ఈ వేదికమీద పలచబడింది. సెక్షన్ 14 కింద లోపాన్ని తొలగించమని, కొత్త వస్తువు ఇవ్వమని, ధర వాపసు చేయమని, పరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం ఫోరానికి లభించింది. స్వీకారం జరిగిందన్న కారణంతో ఈ పరిష్కారాలు దూరం కావు. ఈ చట్టం ఇతర చట్టాలకు అదనమేనని సెక్షన్ 3 చెప్పింది.

అయితే ఒక అంశం గమనించదగినది. ఈ పరిష్కారాల్లో ఏది ఎప్పుడు వర్తిస్తుందో చట్టం చెప్పలేదు. వాటి మధ్య క్రమం లేదు, ఎంచుకునే హక్కు వినియోగదారుకు ఇవ్వలేదు. ఎంపిక ఫోరం విచక్షణకు మిగిలింది.

5. భాగమా, వస్తువా?

ఆ విచక్షణకు ప్రమాణాలు తీర్పుల ద్వారా రూపుదిద్దుకోవలసి వచ్చింది. ధర ఎక్కువ కనుక ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా ప్రధానంగా మోటారు వాహనాల రూపంలో వెళ్లింది. అక్కడ స్థిరపడిన సూత్రాలే జిల్లా స్థాయిలో ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ వివాదాలకూ అన్వయిస్తున్నాయి.

మారుతీ ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన 2006 నాటి తీర్పులో సుప్రీంకోర్టు వారంటీ షరతుల పాఠానికి ప్రాధాన్యం ఇచ్చింది. హామీ లోపమున్న భాగాన్ని బాగుచేయడానికి, మార్చడానికి పరిమితమైనప్పుడు వాహనం మొత్తాన్ని మార్చమని ఆదేశించడం సరికాదన్నది దాని సారాంశం. వారంటీ కార్డు యంత్రాన్ని భాగాలుగా చూసిన దృష్టికి దీంతో న్యాయస్థానం ఆమోదం లభించినట్లయింది. ఫియట్ ఇండియా సంస్థ ప్రతివాదిగా ఉన్న 2010 నాటి వ్యవహారంలో దృష్టి కొంత విస్తరించింది. ఇంజను మార్పుతో ఆగకుండా, వాహనంలో తయారీ లోపం ఉన్నదని స్వతంత్ర నిపుణుడు తేలిస్తే ధరను వడ్డీతో వాపసు చేయాలని కోర్టు ఆదేశించింది. ఈ రెండింటినీ కలిపి చదివితే ఒక గీత కనిపిస్తుంది. మరమ్మతుతో పోయే లోపానికి భాగం మార్పు, మూలంలోనే ఉన్న తయారీ లోపానికి వస్తువు మార్పు లేదా ధర వాపసు.

ఈ గీత దాటినట్లు రుజువు చేయవలసిన భారం ఫిర్యాదీదే. పరీక్ష లేకుండా లోపం నిర్ధారణ కానప్పుడు వస్తువు నమూనాను ప్రయోగశాలకు పంపాలని చట్టం చెబుతుంది. నూనె, పప్పు వంటి సరుకులకు ఈ పద్ధతి సరిపోతుంది. ఫ్రిజ్‌కు నమూనా తీయడం కుదరదు, విడదీస్తే లోపం స్వరూపమే మారిపోవచ్చు. విద్యుత్ హెచ్చుతగ్గుల వల్లనే చెడిపోయిందని, స్టెబిలైజర్ వాడలేదని సంస్థ వాదిస్తే దాన్ని ఖండించే సాంకేతిక జ్ఞానం గృహస్థు వద్ద ఉండదు.

ఈ స్థితిలో వినియోగదారు ఫోరాలు ఒక ఆచరణాత్మక మార్గాన్ని అనుసరించాయి. సంస్థ సిబ్బందే రాసి ఇచ్చిన జాబ్ కార్డులు ఒకే లోపాన్ని మళ్లీమళ్లీ నమోదు చేసి ఉంటే, నిపుణుని నివేదిక లేకున్నా తయారీ లోపాన్ని ఊహించవచ్చునని అనేక ఉత్తర్వులు అంగీకరించాయి. లోపం తొలగిపోయి ఉంటే మళ్లీ వచ్చేది కాదు అన్నది ఈ తర్కం. ఇక్కడే చరిత్ర ఒక వృత్తం తిరిగింది. 1930 చట్టం కింద హక్కును కుదించిన ఓర్పు ఇప్పుడు హక్కును నిలబెట్టే సాక్ష్యమైంది. నాలుగుసార్లు మరమ్మతుకు అంగీకరించిన వ్యక్తి చేతిలో నాలుగు కాగితాలు ఉంటాయి. అవి లేని వ్యక్తి పరిస్థితి మాత్రం పాతదే. మెకానిక్ వచ్చి నోటిమాటగా బాగైందని చెప్పి వెళ్లిన సందర్భాలు చట్టం దృష్టిలో జరగనట్లే.

6. లెక్క కట్టిన చట్టాలు

ఇతర దేశాలు ఇదే ప్రశ్నకు శాసనంలోనే జవాబు రాసుకున్నాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 1970లో, అమెరికా సమాఖ్య ప్రభుత్వం 1975లో చేసిన వారంటీ చట్టాలు సమంజసమైన సంఖ్యలో ప్రయత్నాలు అనే భావనను ప్రవేశపెట్టాయి. సమాఖ్య చట్టమైన మాగ్నసన్–మాస్ చట్టం ప్రకారం అన్ని ప్రయత్నాల తర్వాతా లోపం పోకపోతే ధర వాపసా, కొత్త వస్తువా అని ఎంచుకునే హక్కు వినియోగదారుదే. అయితే ఇది సంపూర్ణ వారంటీ అని ప్రకటించిన వస్తువులకే వర్తిస్తుంది. పరిమిత వారంటీ అని రాసుకున్న తయారీదారు ఈ బాధ్యత నుంచి తప్పుకోగలడు.

బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారు హక్కుల చట్టం మరింత నిర్దిష్టమైనది. మొదటి 30 రోజుల్లో లోపమున్న వస్తువును నేరుగా తిరస్కరించవచ్చు. ఆ తర్వాత ఒక్క మరమ్మతు లేదా ఒక్క మార్పిడి విఫలమైతే చాలు, ధర తగ్గింపు గాని తుది తిరస్కరణ గాని కోరవచ్చు. ఆరు నెలల లోపల బయటపడిన లోపం అప్పగించిన నాటికే ఉన్నదని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేయవలసింది అమ్మకందారు. సంఖ్యనూ రుజువు భారాన్నీ శాసనమే నిర్ణయించడం వల్ల జాబ్ కార్డుల కట్టతో వాదించవలసిన అవసరం చాలావరకు తప్పింది.

7. 2019 చట్టం: లాభం, మిగిలిన ఖాళీ

కొత్త వినియోగదారుల రక్షణ చట్టంలోని ప్రధాన భాగం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. ఫిర్యాదీ తాను నివసించే చోట ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోపల, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకొని ధర వాపసు చేయడానికి నిరాకరించడం అనుచిత వాణిజ్య పద్ధతి అయింది. విక్రయానంతర తిరస్కరణకు శాసనంలో ఒక అంకె చేరడం విశేషమే.

పునరావృత లోపానికి మాత్రం ఈ అంకె పెద్దగా అక్కరకు రాదు. అటువంటి లోపం తన స్వభావాన్ని బయటపెట్టుకునేది నెలలు గడిచాకే. కొత్తగా వచ్చిన ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కూడా ఇక్కడ సాయపడదు. ఫ్రిజ్ పేలి మనిషికి గాయమైతే ఆ అధ్యాయం వర్తిస్తుంది. ఆ వస్తువుకే కలిగిన హానిని మాత్రం హాని నిర్వచనం నుంచి చట్టం మినహాయించింది. అన్యాయమైన ఒప్పందం అనే కొత్త భావన వారంటీ కార్డులోని ఏకపక్ష నియమాలను ప్రశ్నించే అవకాశం ఇస్తుంది. కాని ఆ ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో చెల్లదు. వాషింగ్ మెషీన్ కార్డు మీద వాదించదలచిన వ్యక్తి రాష్ట్ర కమిషన్ ముందుకు, అంటే హైదరాబాదుకో విజయవాడకో వెళ్లాలి.

కాలపరిమితి మరొక చిక్కు. సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపల కమిషన్‌ను ఆశ్రయించాలి. పునరావృత లోపంలో ఆ కారణం మొదటి లోపంతో ఏర్పడిందా, చివరి మరమ్మతు విఫలమైననాడు ఏర్పడిందా? తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, వేచి చూసిన వినియోగదారుకు పాత భయం కొత్త రూపంలో ఎదురవుతూనే ఉంది.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు విధానం కోసం సంఘాన్ని నియమించి, అదే సంవత్సరం డిసెంబరు 24న ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం అందరికీ అందాలన్నది దాని ఆశయం. వస్తువు ఆయుష్షు పెరగడానికి అది అవసరమే. అయితే మరమ్మతు పొందే హక్కు ఎంత ముఖ్యమో, ఫలించని మరమ్మతు నుంచి విడుదల పొందే హక్కు అంతే ముఖ్యం. మొదటిదానికి విధానం రూపుదిద్దుకుంటున్నది, రెండవది ఇంకా కమిషన్ల విచక్షణలోనే ఉంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. 1930 చట్టం అమ్మకాన్ని ఒకనాటి వ్యవహారంగా చూసింది. మరమ్మతు కోసం వేచి ఉన్న కాలం అందులో కొనుగోలుదారుకు వ్యతిరేకంగా నడిచింది.

2. వారంటీ కార్డు తయారీదారును బాధ్యుణ్ణి చేసింది గాని, యంత్రాన్ని భాగాలుగా విడదీసి పునరావృత లోపాన్ని కనబడకుండా చేసింది. 2006 నాటి తీర్పు ఈ దృష్టిని బలపరిచింది.

3. 1986 చట్టం ఓర్పును సాక్ష్యంగా మార్చింది. ఆ మార్పు ఫలితం వినియోగదారు భద్రపరచిన బిల్లు, జాబ్ కార్డు, ఫిర్యాదు సంఖ్య మీద ఆధారపడి ఉంది. కాగితం అడిగి తీసుకునే అలవాటు లేనివారికి హక్కు ఉన్నా రుజువు లేదు.

4. 2019 చట్టం న్యాయానికి దారిని దగ్గర చేసింది గాని మరమ్మతుల సంఖ్యకు హద్దు నిర్ణయించలేదు.

ఒకే లోపానికి ఎన్ని విఫల మరమ్మతుల తర్వాత ఎంపిక వినియోగదారు చేతికి వస్తుందో చెప్పే ఒక నియమం, తొలి నెలల్లో బయటపడిన లోపానికి రుజువు భారాన్ని తయారీదారుపై ఉంచే మరొక నియమం, మరమ్మతులో గడిచిన కాలాన్ని వారంటీకి కలిపే ఇంకొక నియమం శాసనంలో చేరితే ఈ ఖాళీ పూడుతుంది. అంతవరకు నాలుగవసారి ఇంటికి వచ్చిన మెకానిక్ వెళ్లేముందు రాసి ఇచ్చే కాగితమే ఆ ఇంటివారికి చట్టం అందించిన ప్రధానమైన ఆయుధం.